పెండ్లి వస్త్రమును స్వహస్తమున కుట్టుకొనుట: మన వృత్తి చరిత్రమున నొక యధ్యాయము

వార్షిక మహాసభా సందర్భమున వెలువడు ప్రత్యేక సంచికలలో కులోత్పత్తిని గూర్చియు, పూర్వుల ఘనతను గూర్చియు వ్యాసములు వ్రాయుట పరిపాటి. ఆ విషయములను పెద్దలు పలుమారులు వివరించియున్నారు గనుక మేము వానిని విడిచి, మన చేతికి నిత్యము తగులుచుండియు మన కలమునకు తగులని యొక విషయమును గ్రహించితిమి. అది పెండ్లి వస్త్రము. అందును అంగడిలో కొని తెచ్చినది కాదు, ఇంటిలో జరుగు పెండ్లికి ఇంటివారే కొలిచి, కత్తిరించి, కుట్టుకొన్నది.

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసస్థానములు. ఖరీదైన పెండ్లి దుస్తుల వర్తకమునకును అవియే ముఖ్యస్థానములలో నొకటి. ఆ కొండలపై నొక పెండ్లికూతురి దుస్తు వేలకు, ఒక్కొక్కయెడ లక్షలకు పలుకుచున్నది. ఆ కొండల క్రింది బస్తీలలో మన మేరవారును, ఇతర వృత్తిదారులును సూదిని నమ్ముకొని జీవించుచున్నారు. అయినను మన యిండ్ల పెండ్లిండ్లకు మనమే కుట్టుకొను నలవాటు నానాటికి సన్నగిల్లుచున్నది. ఈ యలవాటు ఎట్లు వచ్చినది, ఎట్లు పోవుచున్నది, పోయినచో మనకు కలుగు నష్టమేమి యను ప్రశ్నలకు చరిత్రమున సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

మంత్రమున సూది

వివాహకాలమున వధువునకు క్రొత్త వస్త్రము నిచ్చునపుడు చదువు మంత్రమొకటి అథర్వవేదము 14వ కాండమున నున్నది. నూలు వడికిన దేవతలు, నేసిన దేవతలు, పడుగు సాచిన దేవతలు, అంచులు తీర్చిన దేవతలు ఆ వధువును వార్ధక్యము వరకు కప్పి కాపాడవలెనని దాని తాత్పర్యము. వడకు చేయియు, నేయు చేయియు నందు స్మరింపబడినవి. కుట్టు చేయి మాత్రము కానరాదు. కారణము స్పష్టమే. శుభకర్మలకు విహితమైనది అహతవస్త్రము, అనగా మగ్గము నుండి దిగినది దిగినట్లుగా నున్న కోరావస్త్రము. నేటికిని మన పెండ్లిండ్లలో ముహూర్తవేళ వధూవరులు ధరించు మధుపర్కములు కత్తెర తగులని బట్టలే.

అట్లని వేదకాలమున సూది తెలియదనుట పొరపాటు. ఋగ్వేదము రెండవ మండలమున రాకాదేవి యను నామె తెగని సూదితో తన పనిని కుట్టవలెననియు, వీరుడైన పుత్రుని ప్రసాదింపవలెననియు ప్రార్థింపబడినది. ఆ ఋక్కులను గృహ్యసూత్రకారులు సీమంతోన్నయనమున వినియోగించిరి. పెండ్లి మంత్రమున చోటు దొరకని సూదికి సీమంతమున చోటు దొరికినది. కుట్టుట యనగా విడిపోయిన రెంటిని కలిపి కొనసాగించుట గనుక, సంతతి కొరకు చేయు ప్రార్థనకు సూదిని ఉపమానముగా గైకొనుట ఉచితముగనే యున్నది.

అమరసింహుడు తన కోశమున కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అను పేర్లిచ్చెను. తెలుగున చిప్పెవాడు, కుట్రపువాడు, మేర యను పేర్లు కలవు. ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితాలో చిప్పోళ్ళు, మేర యను పదములు ప్రక్కప్రక్కనే నిలిచియుండుట ఈ పాత భాష యొక్క గుర్తు. ఈ వృత్తి భక్తి సాహిత్యమునకును మహనీయుల నిచ్చినది. మహారాష్ట్రమున దర్జీల యింట బుట్టిన నామదేవుని కీర్తనలు 61 సిక్కుల గురుగ్రంథమున చేరియున్నవి.

కబాయి నుండి శేర్వాణి వరకు

కుట్టిన బట్ట మన దేశమున మొదట రాచకొలువు దుస్తుగను, యుద్ధపు దుస్తుగను వ్యాపించి, పిమ్మట పెండ్లి పందిరిలో ప్రవేశించెను. అనంతపురపు మండలమునకు చేరియుండి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న లేపాక్షి వీరభద్రాలయపు కప్పులమీద 16వ శతాబ్దినాటి వర్ణచిత్రములు కలవు. ఆ చిత్రములలో పురుషులు నిడుపాటి కుళ్ళాయిలను ధరించి కానవచ్చెదరు. స్త్రీల చీరల యంచులును, పూవుల యద్దకములును నేటి నేతగాండ్రు గూడ చూచి నేర్చుకొన దగినట్లున్నవి. అచ్చటనే గిరిజాకల్యాణమును చిత్రింపబడియున్నది. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులలో కుళ్ళాయి, కోకలను కొలువు నిమిత్తము ధరింపవలసివచ్చుట యొక మొరగా వినవచ్చును. కుట్టిన దుస్తు ఆనాటికి పరాయి కొలువు గుర్తే గాని ఇంటి శుభకార్యపు గుర్తు కాదని దానివలన మనము గ్రహింపవచ్చును.

స్త్రీల విషయమున మార్పు నెమ్మదిగా జరిగెను. ముందువైపున ముడివేసికొను రవికెకు గుండీలు గాని, కాజాలు గాని అక్కరలేదు. ఇంటి ముసలమ్మ చేతిసూదితో నొక మధ్యాహ్నమున కుట్టగలిగెడిది. పల్లెలలో పెండ్లిగల యింటి యరుగుపై మేరవారు కూర్చుండి ఇంటిల్లిపాదికి బట్టలు కుట్టియిచ్చెడి యాచారము మన వృద్ధులకు నేటికిని జ్ఞాపకము. ఆ యరుగే పాఠశాల. పెండ్లివారి యాడుబిడ్డలు ప్రక్కన కూర్చుండి దారమెక్కించి యిచ్చుచు, అంచు మడుచుట, కాజా తీయుట నేర్చుకొనెడివారు. వృత్తివాని పనియు, ఇంటివారి పనియు నొకే చాపపై జరిగెడివి.

హైదరాబాదున సంపన్నుల దుస్తుల వైభవము వేరు. 1869 నుండి 1911 వరకు పాలించిన ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాను గారి బట్టల బీరువా పురానీ హవేలీలో నేటికిని జూడవచ్చును. అది రెండంతస్తులుగా కొయ్యతో నిర్మింపబడి, ఆ భవనపు టొక పార్శ్వము పొడవెల్ల వ్యాపించియున్నది. పై యంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పెడు ఎత్తుడు పెట్టె యమర్చిరి. అందలి శేర్వాణీలను, అంగరఖాలను కొలిచి కుట్టిన దర్జీల పేర్లు మాత్రము ఆ బీరువాపై నెచ్చటను చెక్కబడలేదు. ధరించినవాని పేరు నిలిచినది, కుట్టినవాని పేరు కలిసిపోయినది. మన వృత్తి చరిత్రమంతయు నీ యొక్క బీరువాలో నున్నదనవచ్చును.

ఒక రాజకుమారి పెండ్లి

ఈ సందర్భమున సముద్రము నావలి యొక వివాహమును గూర్చి చెప్పుట యప్రస్తుతము కాదు. ఏలయన దానికిని హైదరాబాదునకును సంబంధము కలదు. 1947 నవంబరు 20వ తేదీన లండనులో ఎలిజబెత్తు రాజకుమారి వివాహము జరిగెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాను అలీఖాను గారు ఆమెకు వజ్రాల హారమును కానుకగా నిచ్చిరి. మహాత్మాగాంధి తాను వడికిన నూలుతో చేయించిన అల్లిక గుడ్డ నొకదానిని పంపెను. ఇక ఆమె ధరించిన దుస్తును నార్మన్ హార్ట్‌నెల్ అను దర్జీశిల్పి రూపొందింపగా, 350 మంది స్త్రీలు ఏడు వారములు శ్రమించి కుట్టిరని చెప్పుదురు. అందు 10,000 చిరుముత్యములు పొదుగబడెను. యుద్ధానంతరకాలమగుటచే బ్రిటనులో బట్టకు రేషను చీట్లుండెను; రాజకుమారియు చీట్ల లెక్కకు లోబడవలసివచ్చెను. ఎందరో స్త్రీలు తమ చీట్లను ఆమెకు పంపగా, ఒకరివి మరియొకరు వాడుట చట్టవిరుద్ధమని వానిని త్రిప్పి పంపిరి.

ఆ కానుకలలో వజ్రములకు వెల కట్టవచ్చును. గాంధీజీ పంపిన గుడ్డకు వెల లేదు, ఏలయన నందు ఇచ్చినవాని చేతిశ్రమ కలదు. ఇట్టిదే మన దేశమున మరియొకటి: 1942 మార్చి 26న అలహాబాదున జరిగిన తన వివాహమున ఇందిర, తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ చెరసాలలో వడికిన నూలుతో నేసిన ఖద్దరు చీరను ధరించెను. కొనిన వస్త్రము పెండ్లికూతురిని అలంకరించును. ఇంటివారి చేతి వస్త్రము ఆమెను ఆశీర్వదించును. స్వహస్తమున కుట్టుకొనుట యందలి సారమిదియే.

యంత్రము వచ్చుట

చేతిసూది రాజ్యమును కుట్టుయంత్రము మార్చెను. ఫ్రాన్సు దేశమున బార్తెలెమీ తిమొనియె యను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొంది, పారిసులో సిపాయిల దుస్తులు కుట్టు కార్ఖానా పెట్టెను. తమ కూడు పోవునని భయపడిన దర్జీలు గుంపుగా వచ్చి 1831లో ఆ యంత్రములను ధ్వంసము చేసిరి. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవును, 1851లో ఐజాక్ సింగరును పేటెంట్లు పొందిరి. సింగరు కంపెనీ వాయిదాల మీద యంత్రము నమ్ము పద్ధతిని ప్రవేశపెట్టుటచే అది సామాన్యుల యింటికి గూడ చేరెను. 19వ శతాబ్ది చివరి పాదమున మన దేశమునకును వచ్చెను.

మన పూర్వులు యంత్రమును విరుగగొట్టలేదు. అప్పు చేసి కొనిరి. అరుగు మీది చాప తీసి బల్ల వేసిరి. కాని యంత్రము రెండు ఫలములను తెచ్చినది. వృత్తివాడు ఇంటింటికి పోవుట మాని దుకాణమున కూర్చుండెను. ఇంటివారు వానియొద్దకు పోవలసివచ్చెను. అరుగు పాఠశాల మూతపడెను. రెండవ ఫలమేమనగా, యంత్రమే యింటిలోనికి వచ్చి ఇల్లాండ్ర చేతికి చిక్కెను. యంత్రములను నమ్మని గాంధీజీ సైతము 1924లో కుట్టుయంత్రమును మాత్రము లోకమున కనిపెట్టబడిన కొలదిపాటి ప్రయోజనకర వస్తువులలో నొకటిగా మెచ్చుకొనెను.

1930ల నడుమ కలకత్తాలో జయ ఇంజనీరింగు వర్క్సువారు ఉషా పేర దేశీయ యంత్రములను చేయసాగిరి. 1937లో దుర్గాబాయి గారు మద్రాసున స్థాపించిన ఆంధ్ర మహిళాసభ స్త్రీలకు చదువుతోబాటు కుట్టు మొదలగు చేతిపనులను నేర్పెను. 1928లో కేసరి గారు ప్రారంభించిన గృహలక్ష్మి వంటి పత్రికలు గృహవిద్యలకు గౌరవము కల్పించెను. స్వాతంత్ర్యానంతరము కూతురికిచ్చు సారెలో కుట్టుమిషను చేరుట తెలుగునాట సర్వసాధారణమాయెను. ఆ కాలమున ఇంటి పెండ్లికి పట్టులంగాలు, జాకెట్లు, పిల్లల గౌనులు ఇంటిలోనే కుట్టుకొనుట పొదుపు మాత్రమే గాక మెప్పుగా గూడ నుండెను.

ఈ సందర్భమున నొక నిజమును దాచరాదు. మన దుకాణములలో కత్తిరించి, కుట్టినవాడు మాస్టరనిపించుకొనెను. రాత్రి దీపము క్రింద కాజాలు తీసి, హుక్కులు వేసి, హెమ్మింగు చేసిన ఇల్లాండ్ర చేతులు లెక్కలోనికి రాలేదు. నిజాము బీరువాపై దర్జీ పేరు లేదని చింతించు మనము, మన దుకాణపు బోర్డుపై మన యాడువారి పేరు లేకపోవుటను గూర్చియు నాలోచింపవలయును.

చలనచిత్రము వచ్చుట

తెలుగు చలనచిత్ర పరిశ్రమ బహుకాలము మద్రాసున నుండెను. హైదరాబాదున 1950ల చివర అమీర్‌పేటలో సారథీ స్టూడియో పనిచేయసాగెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో బంజారా కొండలపై తెరువబడెను. 1980లలో జూబిలీ హిల్సు, ఫిలింనగరుల వైపున పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలసెను. రాతిగుట్టల నడుమ నటుల భవనములు లేచినవి. పరిశ్రమతోబాటు మద్రాసునందలి కోడంబాకము, వడపళని ప్రాంతముల నుండి కాస్ట్యూమరులును, వారి సహాయకులును తరలివచ్చిరి. జూబిలీ హిల్సునకు దిగువనున్న కృష్ణానగరు, ఇందిరానగరులలో సినిమా దుస్తులను అద్దెకిచ్చు దుకాణములు, వానిననుసరించి కుట్టుదుకాణములు నేర్పడినవి. చిత్రనిర్మాణపు 24 శాఖలలో వస్త్రాలంకరణ శాఖ యొకటి.

ఈ శాఖ పని మన దుకాణపు పని వంటిది కాదు. తెరపై నొక పెండ్లి దృశ్యము పది దినములు చిత్రింపబడినచో, పది దినములును ఆ దుస్తు మొదటి దినమున నున్నట్లే యుండవలయును. చెమట పట్టినను, నిప్పురవ్వ పడినను మార్చుటకు అదే బట్టతో, అదే కొలతతో జతలు కుట్టి యుంచుదురు. ప్రేక్షకుడు రెండు నిముషములు చూచు పెండ్లికి కాస్ట్యూమరు రెండు వారములు మేల్కొనును.

ఈ వృత్తినుండి పైకి వచ్చినవారిలో కాస్ట్యూమ్స్ కృష్ణ గారు ముఖ్యులు. విజయనగర ప్రాంతమున జన్మించి, మద్రాసు చేరి, అగ్రనటులకు దుస్తులు సమకూర్చి, వృత్తి పేరునే ఇంటిపేరుగా జేసికొనిరి. 1991లో భారత్ బంద్ చిత్రముతో నటులైరి. 1997లో నిర్మాతగా తీసిన చిత్రము పేరు పెళ్ళి పందిరి. ఇతరుల పెండ్లి దృశ్యములకు బట్టలు కుట్టించిన చేయి తుదకు తానే పందిరి వేసినది. వారు 2023 ఏప్రిలు 2న చెన్నైలో దివంగతులైరి. తెరమీద పేరునకు ముందు "కాస్ట్యూమ్స్" అను పదమును బిరుదువలె ధరించిన యా పెద్దమనిషిని మన సంచికలు స్మరించుట న్యాయము.

తెర యింటిని మార్చెను. 1970లలో వాణిశ్రీ గారి చీరకట్టును, జాకెట్టు తీరును జూచి ఊరూర స్త్రీలు అట్లే కుట్టుమని దర్జీలను కోరిరి. అపుడు కోరిక చేరినది మన దుకాణమునకే. లేదా ఇంటి మిషను కడకే. 1994లో వచ్చిన హమ్ ఆప్ కే హై కౌన్ అను హిందీ చిత్రము ప్రేమాలయము పేర తెలుగున అనువదింపబడి ఆడినది. అటుపిమ్మట మన పెండ్లిండ్లలో ముహూర్తముతోబాటు సంగీత్, మెహందీ వేడుకలు చేరి, ఒక్కొక్క వేడుకకు నొక్కొక్క కుట్టుదుస్తు కావలసివచ్చినది. లెహంగాలు, గౌనులు, శేర్వాణీలు తెలుగు పెండ్లికి అలవాటైనవి. కుట్టు యవసరము పదింతలాయెను. కుట్టువానికి మాత్రము పదింతలు గౌరవము రాలేదు. కోరిక మన దుకాణమును దాటి బొటిక్కులకు పోయినది. బొటిక్కు పేరు లోపలి పట్టీపై నుండును. కుట్టినవాడు వెనుకగదిలో నుండును. మగ్గము వర్కు చేయు చేతులలో దూరదేశముల నుండి వలసవచ్చినవారివే అనేకము.

న్యాయముగా జెప్పవలెనన్న, మెచ్చుకొనదగిన మార్పులును కలవు. 2018లో వచ్చిన మహానటి చిత్రమునకు ఉత్తమ వస్త్రాలంకరణకై జాతీయ పురస్కారము లభించినది. ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు గార్లు దాని నందుకొనిరి. సావిత్రి గారి కాలపు చేనేతలను, జాకెట్టు చేతులను శ్రద్ధతో పునస్సృష్టి చేసినందుకు దక్కిన గౌరవమది. పాత కుట్టును చదివి, తెలిసికొని, తిరిగి కుట్టుట గూడ పాండిత్యమేనని దేశమంగీకరించెను. మాదాపురమున 1995 నుండి జాతీయ ఫ్యాషను సాంకేతిక విద్యాలయము నడచుచున్నది. ఆ తరగతులలో మన బిడ్డలెందరున్నారో ప్రతి గ్రామశాఖయు లెక్కించుకొనవలయును.

ఇంటిలో కుట్టవలసిన పని

ఇక ఇంటి పెండ్లికి ఇంటివారే కుట్టుకొన దలచినచో దేనితో మొదలుపెట్టవలెను? మన వృత్తిపెద్దల యనుభవసారమును ఇందు సంగ్రహించుచున్నాము.

మొదటిది ఆడపిల్ల పట్టులంగా. దీనికి కత్తెర పని స్వల్పము. గుడ్డను నడుము పట్టీకి కుచ్చిళ్ళుగా కూర్చి, క్రింద అంచునకు పైన రెండు మూడు మడతలు లోపలికి వేసి కుట్టవలెను. పిల్ల యెదిగినకొలది ఒక్కొక్క మడత విప్పిన లంగా పొడవగును. అక్క పెండ్లికి కుట్టినది అన్న పెండ్లికిని వచ్చును. ఈ మడతలు మన తల్లుల ముందుచూపునకు సాక్ష్యములు.

రెండవది జుబ్బా. పాత పద్ధతి జుబ్బాలో ముక్కలు చాలవరకు నలుచదరములే. చంక క్రింద చిన్న చదరపు ముక్కను వేయుటచే చేయి ఎత్తినపుడు బిగియదు. గుడ్డ వృథాకాదు. తాతకు మనుమరాలు కుట్టదగిన వస్త్రమిది.

మూడవది పట్టు జాకెట్టు. దీనికి నేర్పు కావలెను. పట్టులో నొకసారి సూది దిగిన రంధ్రము మాయదు గనుక, మొదట పాత నూలుగుడ్డతో మచ్చు కుట్టి, తొడిగి, సరిచూచి, ఆ కొలతలతోనే పట్టును కత్తిరింపవలెను. అస్తరుగుడ్డను ముందుగా నీట నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేయనిచో మొదటి యుతుకులోనే అది కుదించుకొని పైగుడ్డను ముడుతలు పెట్టును. జరీయంచు రెండు చేతులపైనను ఒకే యెత్తున రావలెను; అందులకు చేతులను ఎదురెదురుగా మడచి ఒక్కసారే కత్తిరించుట మేలు. మెడకు వేయు పట్టీని గుడ్డ పోగులకు ఏటవాలుగా కత్తిరించినగాని వంపున కుదురుగా కూర్చుండదు. అన్నిటికన్న ముఖ్యము, ప్రక్క కుట్ల లోపల నొక యంగుళము గుడ్డ విడుచుట. ఈ యంగుళమే తల్లి జాకెట్టును కూతురికి చేర్చును. అంగడి దుస్తులలో మొట్టమొదట మాయమైనది ఈ యంగుళమే.

నాలుగవది శేర్వాణి. లోపల బక్రము, అస్తరు, భుజపు నిలకడ, మెడపట్టీ యన్నియు నందు చేయితిరిగిన మాస్టరు పనులు. దీనిని ఇంటివారు కుట్టబూనక, మన మాస్టరునకే యిచ్చి, తగిన కూలి నిచ్చుట ధర్మము. ఇంటిలో కుట్టుట యనగా వృత్తివాని కూలిని తప్పించుట యని యెవ్వరును భావింపరాదు. తాను ఒక రవికె కుట్టినవారికే మాస్టరు పని విలువ తెలియును, తెలిసినవారు బేరమాడరు.

ఇట్టి పనిని పెండ్లికి నెలదినములు ముందుగా నారంభింపవలెను. పెండ్లి పనుల తొందరలో కత్తెర పట్టరాదని పెద్దల మాట. అరుగు లేకపోయినను జూబిలీ హిల్సు మేడలోనైన, ఫిలింనగరు బస్తీలోనైన నొక గదిలో చాప పరచుటకు చోటుండకపోదు.

మన కర్తవ్యము

చదువరులలో కొందరిట్లు ప్రశ్నింపవచ్చును: "మా తండ్రులు మిషను త్రొక్కి మమ్ము చదివించినది మేము మరల మిషను త్రొక్కుటకా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. రెడీమేడు దుస్తులు వచ్చిన పిమ్మట మన దుకాణములు పెక్కు మూతపడినవి. తండ్రి పడిన కష్టమును చూచిన కొడుకు ఆ వృత్తిని వలదనుటలో తప్పులేదు. మేము కోరునది వృత్తికి తిరిగి పొమ్మని కాదు, విద్యను పోగొట్టుకొనవలదని. నేడు మన యిండ్లలో పలుచోట్ల తాతగారి మిషనుకు దుప్పటి గప్పి మూలనుంచిరి. ఇంటికి బంధువులు వచ్చినపుడు దానిని దాచు వారును కలరు. కూలికి కుట్టుట వేరు, సిగ్గుపడి మరచుట వేరు. మొదటిదానిని మానుట స్వేచ్ఛ, రెండవది నష్టము.

2020లో మహమ్మారి వ్యాపించి అంగళ్ళు మూసి, పెండ్లికి 50 మందికి మించరాదని నిబంధన వచ్చినపుడు ఆ దుప్పట్లు కొన్ని తొలగినవి. ఆ సంవత్సరమే స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఉభయ తెలుగు రాష్ట్రములలో ముఖమునకు కట్టు మాస్కులను కుట్టియిచ్చిరి. ఆపత్కాలమున లోకము మొదట వెదకినది కుట్టు చేయినే యని మనము మరువరాదు.

ప్రభుత్వ సహాయములును కొన్ని కలవు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకమున చేర్చబడిన 18 వృత్తులలో దర్జీ పని యొకటి. పనిముట్లకు 15,000 రూపాయలును, తాకట్టు లేకుండ మొదట 1,00,000, పిమ్మట 2,00,000 రూపాయల ఋణమును నూటికి 5 వడ్డీపై నొసగుట దాని నియమము. ఆంధ్రప్రదేశమున 2020లో నారంభమైన చేదోడు పథకము క్రింద దర్జీలకు ఏటికి 10,000 రూపాయల చొప్పున నిచ్చిరి. ఇట్టివానిని వినియోగించుకొనుటకు శాఖలు తోడ్పడవలెను. కాని గౌరవము పథకముల వలన రాదు. అది మన యింటి పందిరిలో మొదలు కావలెను.

కావున మహాసభవారికి మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, మన కులమున జరుగు ప్రతి వివాహమున కనీస మొక్క వస్త్రమును, అది చిన్నపిల్ల పట్టులంగాయైనను సరే, ఇంటివారే కుట్టవలెను. కొడుకులును అందు పాల్గొనవలెను. రెండవది, శుభలేఖలో వంశవృక్షమంతయు నచ్చువేయించు మనము, వధూవరుల వస్త్రములను కుట్టినవారి పేర్లను, హెమ్మింగు చేసిన యింటి స్త్రీల పేర్లతో సహా, ఒక్క పంక్తిలో చేర్చవలెను. మూడవది, పోషకులైన దాతలు తమ కుమార్తెల పెండ్లి దుస్తులకై వెచ్చించుదానిలో కొంతభాగమును కుట్టువిద్య నభ్యసించు పేద విద్యార్థినీవిద్యార్థుల వేతనమునకై సంఘమునకు సమర్పింపవలెను.

వేదమంత్రము వడికిన చేతిని స్మరించినది, నేసిన చేతిని స్మరించినది. కుట్టిన చేతిని స్మరించు బాధ్యత మనకు మిగిలినది. ముహూర్తవేళ మధుపర్కములు అఖండముగనే యుండుగాక. వాని మీద తలంబ్రాలు పోయు బంధువుల నడుమ, తన యక్క పెండ్లికి తానే కుట్టుకొన్న లంగాతో తిరుగాడు నొక్క బాలికయైన ప్రతి పందిరిలోను కనబడినచో, మన పూర్వుల సూది తెగని సూదియే యగును.

శుభమ్.